గురువారం నేను చదవని మాట

క్యారియర్ నా కాళ్ళ దగ్గరే ఉంది. మూడు గిన్నెల స్టీలు క్యారియర్, పైమూత మీద లిదియమ్మ గారి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది, అడుగు గిన్నెలో దొండకాయ వేపుడు, మధ్యలో నిమ్మకాయ ఊరగాయ, పైన పెరుగన్నం, మూత తీయకుండానే చెప్పగలను, పదకొండేళ్ళుగా వంటింట్లో ఉన్నదాన్ని. ఇందాక మేం బస్సు దిగి ఆత్మకూరు కోర్టు గేటు దగ్గరికి నడిచి వచ్చేసరికి ఆమె అప్పటికే తమ్ముడి జీపులో వచ్చి నిలబడి ఉన్నారు, ఇస్త్రీ నలగని తెల్లచీర, చేతిలో ఈ క్యారియర్. "ఎంతసేపు కూర్చోబెడతారో ఏమో. ఆకలిమీదుంటే మాట తడబడతాది సుధా, పిలిచేలోపల రెండు ముద్దలు తిను" అన్నారు. నేను చేయి చాపి తీసుకున్నాను. "మీకెందుకండీ శ్రమ" అని కూడా అన్నాను. ఆమె కోడలు బావిలో తేలి నలభై నాలుగు రోజులయింది, ఆ కోడలి గురించి మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చిన నాకు అత్త అన్నం కట్టుకుని వస్తే, నేను శ్రమ గురించి మాట్లాడాను. ఇప్పుడది కాలికి తగులుతోంది. జరుపుదామంటే బెంచీ కింద చోటు లేదు, ఎవరిదో గొడుగు, ఎవరివో కాగితాల కట్టలు. వెచ్చగా ఉంది ఇంకా. చీర కుచ్చెళ్ళలోంచి ఆ వెచ్చదనం పాదానికి తెలుస్తోంది.

పక్కన మా ఆయన వరప్రసాదం బస్సు టికెట్టు మడుస్తున్నాడు, సగానికి, మళ్ళీ సగానికి, మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యాక విప్పుతున్నాడు. ఉదయగిరి నుంచి ఇక్కడిదాకా రెండు గంటల దారిలో ఆయన మాట్లాడింది ఒకే ఒక్క మాట, అదీ బస్సు ఎక్కగానే, ఇందాక వరండాలోకి రాగానే మళ్ళీ అదే. "పుస్తకంలో రాసిందే చెప్పు. అంతకుమించి ఒక్క మాట వద్దు. నిన్నెవరూ అబద్ధం చెప్పమన్లా." నిజమే, ఎవరూ చెప్పమన్లేదు. అదే కదా నన్ను చంపుతున్నది. అబద్ధం చెప్పమని ఉంటే చెప్పనని అనేదాన్ని, బి.ఏ. చదివినదాన్ని, ఆ మాత్రం రోషం ఉంది. మిషను స్కూల్లో ఆయన ఉద్యోగం ఏడేళ్ళుగా పర్మనెంటు కాలేదు, ఈ నెలాఖరుకి కాగితం హైదరాబాదు పోవాలి, దాని మీద సంతకం పెట్టాల్సిన స్కూలు కరస్పాండెంటు లిదియమ్మ గారి తమ్ముడు, ఆ జీపు ఆయనదే. ఈ సంగతి మా ఆయనా అనలేదు, నేనూ అనలేదు, ఉదయగిరిలో ఎవరూ అనలేదు. మేముండే క్వార్టర్సు కూడా మిషనుదే. మా ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే గంజి కాచి పెట్టినాడు, పాపకి జడ వేయడం నేర్చుకున్నాడు. టికెట్టు మళ్ళీ మడుస్తున్నాడు. ఆ వేళ్ళు చూస్తే జాలేస్తోంది, ఆపమని అరవాలనీ ఉంది.

పుస్తకం నా ఒళ్ళో సంచిలో ఉంది. రెండువందల పేజీల గీతల పుస్తకం, అట్టకి బ్రౌను కాగితం వేసింది నేనే, 'స్త్రీల సమాజము, ప్రార్థన అవసరతలు' అని గుండ్రంగా రాసింది నేనే. ప్రతి గురువారం సాయంత్రం నాలుగు గంటలకి ఎవరో ఒకరి ఇంట్లో కూటం, ఇరవై మందిమి, పదిహేను మందిమి. వచ్చినవాళ్ళు గడప దగ్గర చెప్పులు విడుస్తూ తమ కష్టం నా చెవిలో చెప్తారు, నేను రాసుకుంటాను, పాట అయ్యాక నిలబడి ఒక్కొక్కటీ చదువుతాను, అందరూ తల వంచి ప్రార్థన చేస్తారు. సెక్రటరీని నేను, అధ్యక్షురాలు లిదియమ్మ గారు. రాయడం ఆమే నేర్పారు. మొదటి వారం, పెళ్ళై వచ్చిన కొత్త, ఒకామె తన మొగుడు తాగొచ్చి పీట విసిరితే నొసలు పగిలిందని చెప్తే అట్లాగే రాసి అట్లాగే చదివాను. గదిలో ఒక్కసారి దగ్గులు వినపడ్డాయి. కూటమయ్యాక ఆమె నన్ను వంటింట్లోకి పిలిచి, కోపంగా కాదు, నెమ్మదిగా, "దేవునికి వివరాలు అక్కర్లేదమ్మా, ఆయనకి అన్నీ తెలుసు. ఇంటి మాట ఇంట్లోనే ఉండాల, అవసరత మాత్రం పుస్తకంలో ఉండాల. నువ్వు చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాల్నా" అన్నారు. నేర్చుకున్నాను. పీట విసిరిన మొగుడు 'భర్త మారుమనస్సు కొరకు' అయ్యాడు. పెళ్ళికాకుండా నెల తప్పిన పిల్ల 'కుమార్తె ఆరోగ్యము కొరకు' అయింది. పిచ్చెత్తి కొండెక్కి కూర్చున్న మరిది 'బంధువు మనశ్శాంతి కొరకు'. ఎంత చక్కగా మార్చేదాన్నో. ఇట్లా రాయడం నాకే వచ్చని ఒక గర్వం కూడా ఉండేది, అది ఒప్పుకోవాలి. ఉదయగిరి దుర్గం కింద ఆ చిన్న ఊళ్ళో నా కాలేజీ చదువుకి దొరికిన పని అదొక్కటే.

లోపల ఎవరో మగమనిషి చెప్తున్నాడు, పొలం గట్టు తగాదా లాగుంది, కిటికీకి ఆకుపచ్చ తెర ఉన్నా మాట బయటికి వస్తూనే ఉంది, "నేను కొట్లా సార్, అడ్డం పోయినా" అంటున్నాడు. వరండా చివర రేకుల కింద ముగ్గురు టైపు కొడుతున్నారు. టకటక ఆగినప్పుడు భయంగా ఉంది, మొదలైతే ఇంకా భయంగా ఉంది. పదహారో తేదీ గురువారం, జూన్ నెల. ఆ వారం కూటం మా ఇంట్లోనే. ఉక్కపోత, కరెంటు లేదు, పాప విసనకర్ర పట్టుకుని అందరికీ విసురుతానని గోల. లిదియమ్మ గారు ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆమె వెనక పది అడుగుల దూరంలో కోడలు ఏంజెలిన్. పెళ్ళయి పద్నాలుగు నెలలు, ఇంటరు పాసయిన పిల్ల, సంగం ఊరి అమ్మాయి. మా ఊరి నీళ్ళ కరువు చూసి మొదట్లో నవ్వేది, "మా ఊళ్ళో కాలవలో నీళ్ళు ఊరికే పోతా ఉంటాయక్కా, ఎవురూ చూడను కూడా చూడరు" అని. ఆ రోజు నవ్వలేదు. గడప దగ్గర చెప్పులు విడిచింది, రెండూ పక్కపక్కన, కొలిచి పెట్టినట్టు. నా మణికట్టు పట్టుకుంది. చేయి చల్లగా ఉంది, ఆ ఎండలో. చెప్పింది. గొంతు తగ్గించలేదు, అది నాకు బాగా గుర్తు, నేనే వెనక్కి తిరిగి చూసుకున్నాను లోపల వాళ్ళు విన్నారేమోనని. సంగంలో వాళ్ళ నాయనకి రోడ్డు పక్క ఉన్న ఇంటి స్థలం గురించి చెప్పింది, పెళ్ళిలో ఇస్తామన్నది, ఇంకా రాయించనిది. అన్నం గురించి చెప్పింది. చెప్పి, ఇట్నే రాయి, ఇట్నే చదువు అంది. అంతా ఆరేడు మాటలు. అవి ఇప్పుడు వరసగా అనుకోలేకపోతున్నాను, మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను, లోపల ఎట్లా చెప్తాను.

రాశాను. 'సహోదరి ఏంజెలిన్ — కుటుంబ సమాధానము కొరకు.' మందిరం భాషలో సమాధానమంటే శాంతి. రాయడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు, ఆలోచించలేదు, చేయి దానంతటది రాసింది. తర్వాత చాలా కారణాలు చెప్పుకున్నాను, అత్త ఎదురుగానే కూర్చుని ఉంది, ఉన్నదున్నట్టు చదివితే ఆ రాత్రి ఆ పిల్ల గతి ఏమిటి, ఆ పిల్ల మేలు కోసమే కదా అని. అవన్నీ తర్వాత వచ్చినవి. ముందు వచ్చింది అలవాటు. నిలబడి చదివాను. ఏంజెలిన్ తల వంచలేదు. అందరూ కళ్ళు మూసుకుని ఉంటే ఆ పిల్ల ఒక్కతే కళ్ళు తెరిచి నన్ను చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. లెక్క తప్పు చేసిన పిల్లని టీచరు చూసినట్టు, ఇదేనా నీకు వచ్చింది అన్నట్టు చూసి, తర్వాత తల వంచింది. పాట, ప్రార్థన, ఆమేన్. టీలు, బొరుగులు, వేయించిన శనక్కాయలు. ఆమె ప్లేటు ఎంత తొందరగా ఖాళీ అయిందో నేను చూశాను. మళ్ళీ పెట్టాను. అదీ అయిపోయింది. పక్కామె ప్లేట్లో మిగిలినవి కొంగులో పోసుకుంటుంటే లిదియమ్మ గారు కుర్చీలోంచే, "నిదానంగా తినమ్మే. చూసినోళ్ళు ఇంట్లో కోడలికి కూడు పెట్టడంలా అనుకుంటారు" అన్నారు. అందరూ నవ్వారు. ఎంత సహజంగా అన్నారో, ఎంత చక్కని హాస్యమో. నేను నవ్వాను. గడప దగ్గర విన్నదాన్ని, విని పుస్తకంలో వేరే రాసినదాన్ని, నేనూ నవ్వాను.

ఆదివారం తెల్లవారి ఐదింటికి. మందిరం గంట ఆరాధనకి ఎనిమిదింటికి కొడతారు, ఆ రోజు ఐదింటికే కొడుతుంటే మా ఆయన లేచి కూర్చుని ఎవరు పోయినారు అన్నాడు. మిషను కాంపౌండు బావి. నీళ్ళు తోడబోయి కాలు జారింది, అన్నారు. కొళాయి నీళ్ళు శనివారం రాత్రే వచ్చాయి, వాళ్ళింట్లో డ్రమ్ములు నిండుగా ఉన్నాయి, అది నాకు తెలుసు, రెండిళ్ళకీ ఒకటే లైను. అయినా కాలు జారడానికి డ్రమ్ములతో పనేముంది, ఎవరైనా తెల్లవారి బావికి పోవచ్చు. బావి గట్టు మీద చెప్పులు, రెండూ పక్కపక్కన, కొలిచి పెట్టినట్టు. తోడేవాళ్ళు చెప్పులు విడుస్తారు కదా. విడుస్తారు. అట్లా పెడతారా. పెడితే పెట్టొచ్చు. నలభై నాలుగు రోజులుగా నాలో నేనే లాయరుని, నేనే అవతలి లాయరుని. ఏంజెలిన్ మొగుడు సురేంద్రబాబు చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఏడవలేదు, అరవలేదు, ఎవరో కుర్చీ వేస్తే కూర్చున్నాడు. లిదియమ్మ గారు ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు. ఆమె కన్నీళ్ళు అబద్ధమని నేను చెప్పలేను. నాకు తెలిసింది ఒక్కటే, దాన్ని మించి నేనేమీ చెప్పను.

మొదట ఉదయగిరి పోలీసులు కాలు జారిందనే రాసుకున్నారు. పెళ్ళయి ఏడేళ్ళు కాలేదు కాబట్టి ఎమ్మార్వో వచ్చాడు, డీఎస్పీ వచ్చాడు. పుస్తకం సంగతి డీఎస్పీకి చెప్పింది లిదియమ్మ గారే. "మా ఇంట్లో ఏ గొడవా లేదు సార్. మూడు దినాల ముందు కూడా పిల్ల ప్రార్థన పెట్టించింది, రాసిన సుధారాణినే అడగండి" అన్నారట. తర్వాత మా ఇంటికి వచ్చి నా తల మీద చేయి పెట్టి, "నువ్వు రాసిందే చెప్పు తల్లీ. కుటుంబ సమాధానం అంటే ఏముండాది, ప్రతి ఇంట్లో అడిగేదే" అన్నారు. డీఎస్పీ నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు, మర్యాదగానే. చావుకు కొద్దిముందు ఆస్తి కోసమో కట్నం కోసమో అత్తింటివాళ్ళు బాధపెట్టినట్టు ఒక్క సాక్ష్యం గట్టిగా ఉంటే సెక్షను వేరు, అప్పుడు చావు ఎట్లా జరిగిందో చెప్పుకోవాల్సిన బాధ్యత వాళ్ళది, అట్లాంటిది లేకపోతే ప్రమాదమని ఫైలు మూసేయడమే అన్నాడు. "కొద్దిముందు అంటే ఎంత ముందు సార్" అని అడిగాను. "అది చట్టంలో రాయలేదమ్మా" అన్నాడు. గురువారం నాలుగు గంటల నుంచి ఆదివారం ఐదు గంటల దాకా అరవై ఒక్క గంటలు. నేను లెక్కపెట్టాను. ఆ అరవై ఒక్క గంటల్లో నేను ఇడ్లీకి రెండుసార్లు పప్పు రుబ్బాను, పాప గౌనుకి అంచు కుట్టాను, శనివారం వాళ్ళ వాకిలి ముందు నుంచే కూరగాయలకి పోయాను. తలుపు మూసి ఉంది. కొట్టలేదు. ప్రార్థన చేశాము కదా అనుకున్నాను. మాలాంటివాళ్ళు మాత్రమే అనుకోగలిగిన మాట. మేము చెప్పామని, దేవుడు విన్నాడని, ఇక మా పని అయిపోయిందని. బాధపెట్టినవాళ్ళకి సెక్షనుంది. చెవిలో చెప్పిన మాటని చక్కని మాటగా మార్చినదానికి ఏ సెక్షనూ లేదు, డీఎస్పీని అడగలేదు కానీ ఉండదని తెలుసు.

మొన్న సాయంత్రం కరీంబీ దగ్గర కూర్చున్నాను. మా వెనక వీధి, నర్ది చెక్కతో చెంచాలు చేస్తుంది, ఆమె ఉప్పుకాగితం పెట్టి రుద్దుతుంటే ఆ శబ్దం వింటూ ఉంటే మనసు కాస్త నెమ్మదిస్తుంది. ఆమెకి మా కూటాలూ తెలియవు, సమాజమూ తెలియదు, అందుకే చెప్పగలిగాను. అంతా విని చెంచా కాడ వెలుగులోకి పెట్టి చూసింది. "పుస్తకం నువ్వు రాసినావు. ఆ పిల్ల నీకు చెప్పింది వేరే. జడ్జీ ఏది అడగతాడు నిన్ను?" అంది. పుస్తకం గురించే అడుగుతాడు అన్నాను. "అయితే పుస్తకం గురించే చెప్పు. ఎవురు రాసినారో, ఎందుకు అట్ల రాసినారో. అది గూడా పుస్తకం గురించే గదా" అంది, మళ్ళీ రుద్దడం మొదలుపెట్టి, "ఇంగేంది నీకు భయం, ఇల్లు పోతాదనా" అంది. అవునన్నాను. సిగ్గుపడకుండా అవునన్నాను. "పోతే పోతాది" అనలేదు ఆమె. అద్దె ఇళ్ళు తిరిగిన మనిషి, అట్లా అనదు. "రెండేండ్ల కిందట సారా అంగడి మూయించినప్పుడు మీ సమాజమోళ్ళు వచ్చి నిలబడినారు మాతో. నువ్వు గూడా వచ్చినావు. ఆ పొద్దు ఎంత గట్టిగా అరిచినావో" అంది, అంతే. అరిచాను, నిజమే. అందరితో కలిసి అరవడం, అవతల ఉన్నది సారా కాంట్రాక్టరు. ఇవతల ఉన్నది నా తల మీద చేయి పెట్టి దీవించే మనిషి.

ఎదర స్తంభం దగ్గర నేల మీద కూర్చున్న ముసలాయన లేచి ఇటే వస్తున్నాడు. యేసురత్నం, ఏంజెలిన్ వాళ్ళ నాయన, సంగం కాలవ మీద తూములు తెరిచి మూసే లస్కరుగా చేస్తాడు. కూతురి భూస్థాపన రోజు చూశాను, అప్పటికంటే సగం అయ్యాడు. మా ఆయన టికెట్టు జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డాడు, ఏమనాలో తెలియక వందనాలన్నాడు. "వందనాలయ్యా. బాగుండావా అమ్మా" అన్నాడు ఆయన నాతో, ఎవరింటికో చుట్టం చూపుగా వచ్చినట్టు. "నా బిడ్డ మీ గురించి చెప్పేది. పోయిన క్రిస్మసుకి వచ్చినప్పుడు చెప్పింది. సుధక్క చెప్పినదాన్ని చెప్పినట్టు రాస్తాది నాయనా, నేను చెప్పింది గూడా రాసి చూపించింది అని." ఆయన ఆగలేదు, ఆపుకోలేని మనిషిలాగా, "నాకు మాత్రం ఉత్తరాల్లో అంతా క్షేమమే రాసేది తల్లీ. ఇక్కడ అంతా క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, అంతే. పదకొండు ఉత్తరాలు. పోలీసాయనకి ఇచ్చినా, చూసి ఇందులో ఏమీ లేదే అన్నాడు. ఆ క్షేమం కింద ఏముండాదో నాకు తెలవలా. స్థలం అడిగినారని తెలుసు, రాయిస్తానన్నా, ఎప్పుడని నాకు గట్టిగా ఎవురూ చెప్పలా." తర్వాత నా కాలి పక్కన క్యారియర్ చూసి, "అన్నం తిన్లేదా అమ్మా ఇంకా, పొద్దెక్కింది, తినండి" అన్నాడు. మూత మీద పేరు ఆయన చదవలేదు. చదువు రాదో, కళ్ళు కనపడవో.

ఎంత మంది నన్ను తినమంటున్నారు. లిదియమ్మ గారు గేటు దగ్గర జీపు నీడలోంచి వరండా మెట్ల దాకా వచ్చారు, కిటికీకి ఇవతల స్టూలు వేయించుకుని కూర్చున్నారు, చేతిలో బైబిలు, పెదాలు కదులుతున్నాయి. నా కోసమే ప్రార్థన చేస్తున్నారేమో. ఆ ప్రార్థనలో నా పేరు పక్కన ఏం పెట్టారో, 'సహోదరి సుధారాణి — ధైర్యము కొరకు' అనో. ఆమె నన్ను చూసి చిన్నగా తల ఊపారు, వంటింట్లో నాకు రాయడం నేర్పిన రోజున ఊపినట్టే. పుస్తకం ఇచ్చి నా చేతిరాతే అని చెప్పి వచ్చేస్తే చాలు. నాలుగు నిమిషాలు. సాయంత్రం బస్సుకి ఇంటికి పోవచ్చు, పాప స్కూలు నుంచి వచ్చేలోపల. నెలాఖరుకి సంతకం అవుతుంది. వచ్చే గురువారం కూటం ఎవరింట్లోనో, గడప దగ్గర ఎవరో నా మణికట్టు పట్టుకుంటారు, నేను పెన్ను తీస్తాను. ఎట్లా తీస్తాను. ఎవరైనా పట్టుకున్న ప్రతిసారీ ఆ చల్లదనం. లేదు, అది కూడా అలవాటైపోతుంది, నాకు తెలుసు నా సంగతి, నేను త్వరగా నేర్చుకుంటాను. అదే భయం. పొలం గట్టు మనిషి బయటికి వచ్చాడు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. టైపు శబ్దం ఆగింది. బంట్రోతు తలుపు దగ్గరికి వచ్చి కాగితం చూసి, మూడుసార్లు, ఊరంతా వినపడేటట్టు నా పేరు పిలిచాడు.

లేచాను. మా ఆయన నా మోచేయి తాకాడు. "సుధా, రాసిందే..." అన్నాడు. పూర్తి చేయలేదు. చేయి తీసేశాడు. క్యారియర్ వంక చూసి, వంగి, దాన్ని తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు, నాకు అడ్డం లేకుండా. ఎందుకు అట్లా చేశాడో తెలియదు, కాలికి తగిలి పడతానని కావచ్చు.

లోపల ఫ్యాను తిరుగుతోంది. మేజిస్ట్రేటు నా ఈడు వాడే, తలలో అప్పుడే తెల్లవెంట్రుకలు, కోస్తా మాట. బంట్రోతుని బయటికి పంపాడు, పోలీసులెవరూ లేరని చూశాడు. ప్రమాణం చేయించాడు. "ఎవరైనా ఇలా చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టారా? భయపెట్టారా?" అని అడిగాడు. లేదు సార్ అన్నాను. అన్నం పెట్టారు, అని మాత్రం అనలేదు. పుస్తకం ఇచ్చాను. కాగితం గుర్తు పెట్టిన చోట తెరిచి పైకి చదివాడు, తేదీ, నా గుండ్రటి అక్షరాలు, కుటుంబ సమాధానము కొరకు. "ఇది మీ చేతిరాతేనా?"

"నా చేతిరాతే సార్. ఆమె మాట కాదు."

ఆయన పెన్ను ఎత్తి నన్ను చూశాడు. చెప్పాను. గడప, చెప్పులు, మణికట్టు, ఎందుకు మార్చానో, ఎవరు నేర్పారో, ఎట్లా అలవాటైందో, బొరుగులు, నవ్వు, నేను నవ్వడం కూడా. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక కాగితం దగ్గరికి లాక్కుని, రాస్తూ, రాసేది తనే పైకి అంటూ, "మృతురాలు తనను అత్తింటివారు స్థిరాస్తి నిమిత్తము శారీరకముగాను మానసికముగాను వేధించుచున్నట్లు నాతో తెలియజేసినది..." అన్నాడు. ఎంత చక్కగా ఉంది వాక్యం. నేనైనా అట్లాగే రాసేదాన్ని. ఒక్క తప్పు లేదు, ఏంజెలిన్ కూడా లేదు.

"అట్లా కాదు సార్" అన్నాను.

"ఏంటమ్మా?"

"అట్లా రాయొద్దు సార్. ఆమె ఎట్లా చెప్పిందో అట్లాగే రాయండి. నేను నిదానంగా చెప్తాను."

ఆయన కాసేపు పెన్ను మూతతో బల్ల మీద కొట్టాడు. ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసి, పక్కన పొట్టి సంతకం చేసి, కానివ్వండి అన్నాడు. కిటికీ తెర గాలికి లోపలికి ఉబ్బి, మళ్ళీ వెనక్కి పోయింది. దాని అవతల తెల్లచీర అంచు కనపడింది. మణికట్టు మీద చల్లగా తెలిసింది. అప్పుడు చెప్పాను, ఒక్కో మాట, ఆయన పెన్ను అందుకునేదాకా ఆగుతూ.

"అక్కా, సంగంలో మా నాయన స్థలం మా ఆయన పేరుతో రాయించేదాకా ఈ ఇంట్లో నాకు అన్నం లేదని మా అత్త చెప్పింది. మంగళవారం నుంచి మంచినీళ్ళే తాగతా ఉండా. మా ఆయన్ని అడిగితే, అమ్మ చెప్పినట్టు చెయ్ అన్నాడు. ఇట్నే రాయక్కా. ఇట్నే చదువు. అందరూ వినాల."

ఆయన పెన్ను ఆగింది. "చివరి మాటలు కూడా రాయాలా?"

"అవి కూడా సార్."

రాశాడు. ఇసుక మీద ఎవరో నడుస్తున్నట్టు పెన్ను శబ్దం. రాయడం అయ్యాక, సంతకం పెట్టేముందు సాక్షికి చదివి వినిపించాలి, అది పద్ధతి అని చెప్పి, కాగితం ఎత్తాడు. గొంతు తగ్గించి మొదలుపెట్టబోయాడు.

"కొంచెం గట్టిగా చదవండి సార్" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, తర్వాత కిటికీ వంక చూశాడు. కళ్ళద్దాలు సర్దుకుని, బంట్రోతు నా పేరు పిలిచినంత గొంతుతో, మొదటి మాట నుంచి చదివాడు.